ఒక్క కేసైనా లేని గురువు

ఇదంతా ఒక కోతి వల్ల వచ్చింది. ఆ కోతిని నేను చూడలేదు. దాని మీద నాకు కోపం కూడా లేదు. పాపం, అది తన పని తాను చేసుకుంది. తమ పని వదిలేసి నా మీద పడ్డవాళ్ల మీదే నా కోపమంతా.

జిల్లా కేంద్రంలో ఏదో ఉత్సవం జరిగింది. ఒక కరాటే మాస్టరు వేదిక మీద, పెద్ద అధికారిగారి ఎదుట, పెంకులు పేర్చి చేత్తో పగలగొట్టాడు. మంచుగడ్డని నుదుటితో పగలగొట్టాడు. ట్యూబులైట్లు వీపు మీద పగలగొట్టించుకున్నాడు. అధికారిగారు ముచ్చటపడి శాలువా కప్పి, పళ్లబుట్ట చేతిలో పెట్టారు. మాస్టరు బుట్టతో మెట్లు దిగుతుంటే ఎక్కణ్ణించి వచ్చిందో కోతి వచ్చి బుట్ట పట్టుకుంది. మాస్టరు వదల్లేదు. కోతి చెంప మీద ఒక్కటిచ్చింది. అంతే, ఆయన బుట్ట వదిలి, శాలువా వదిలి, నల్లబెల్టు ఊడిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తి అధికారిగారి కారెక్కి, లోపల్నించి తలుపు బిగించుకున్నాడు. అధికారిగారు బయటే ఉండిపోయారు, కోతితో.

ఆ తర్వాత ఏం జరిగిందో ఫోనుల్లో జిల్లా అంతా చూసింది. నేను చెప్పడం బాగుండదు.

వారం తిరక్కుండా 'ఆత్మరక్షణ విద్యా బోధకుల సామర్థ్య నిర్ధారణ మండలి' పుట్టింది. కొట్లాట నేర్పుతామని చెప్పుకునేవాళ్లు నిజంగా నేర్పుతున్నారో లేదో తేల్చడం దాని పని. తేలనివాళ్ల బడి మూసెయ్యాలి.

నన్నడిగితే మంచి ఆలోచనే. ట్యూబులైట్లు ఎవర్నీ తిరిగి కొట్టవని నేను ఎప్పట్నించో అంటున్నాను. కాబట్టి మండలి మా ఊరొస్తోందని తెలిసి మొదట సంతోషించినవాణ్ణి నేనే. బుద్ధి లేక.

నా పేరు యాళ్ల భద్రాచలం. కోనసీమలో చినగంటలంక మా ఊరు. తాలింఖానా నడుపుతాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, తాలింఖానా అంటే కర్రసాము, కత్తిసాము నేర్పే చోటు. మా నాన్న వేసిన పాక, మధ్యలో మెత్తటి మట్టి పోసిన బరి, గోడకి కర్రలు, ఎదురుగా ఆంజనేయస్వామి పటం. దసరా ఊరేగింపులో మా వాళ్లు కర్రలు తిప్పుతూ ముందు నడిస్తేనే అమ్మవారి వాహనం కదులుతుంది. ఈ పాక పోతే నాకు అన్నం ఎలాగో దొరుకుతుంది. కానీ దసరా నాడు వీధిలో తలెత్తుకుని నిలబడే చోటు ఉండదు. నాకున్నదల్లా అదే.

మా దగ్గర పుస్తకాలూ రిజిస్టర్లూ ఉండవు. బరిలో అడుగుపెట్టేవాడు చెప్పులు విప్పి, చిటికెడు మట్టి నుదుట పెట్టుకుని, "బరి దాటి చెయ్యెత్తను" అని మాటివ్వాలి. ఇచ్చాడా, శిష్యుడు. మాట తప్పాడా, నెల్లాళ్లు తెల్లారగట్ట బరి ఊడ్చి నీళ్లు చల్లాలి. ఊడవనన్నాడా, వాడికీ మాకూ సంబంధం లేదు. మా నాన్న నాటి నుంచీ ఇదే కట్టుబాటు.

మండలి తరఫున వచ్చినాయన పేరు వైకుంఠరావు. హోదా నిర్ధారణాధికారి. చంకలో ఫైలు, మెడలో కార్డు, ముఖంలో నవ్వు లేకపోవడం. గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను ఉత్సాహంగా కర్ర తీసి, గాలి కోసుకుపోయేలా తిప్పి, ఆయన చుట్టూ ఎగురుతున్న ఈగని కొట్టకుండా తరిమాను. ఆయన ఈగ వైపు కూడా చూడలేదు.

"ప్రదర్శన అక్కర్లేదు. ప్రదర్శనల పర్యవసానము మేము కోతి విషయమున చూచియున్నాము," అన్నారు. ఆయన మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. "మీ శిష్యులు ఈ సంవత్సర కాలములో ఎవరెవరిని కొట్టియున్నారు?"

"ఎవర్నీ లేదండి," అన్నాను గర్వంగా.

"గత సంవత్సరము?"

"అప్పుడూ లేదండి. మా నాన్నగారి హయాంలో కూడా లేదండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈత నేర్పు బడిలో ఒక్కరును నీళ్లలో దిగలేదన్నచో దానిని ఏమందురు?"

ఆయన ఫైలు విప్పి నిబంధన చదివారు. బోధకుడు కొట్లాట నిజముగా నేర్పుచున్నాడా అనునది అతని శిష్యులు నిజముగా కొట్లాడిరా అనుదానిని బట్టియే తేల్చవలెను. కొట్లాట జరిగెననుటకు పోలీసువారి ఎఫ్ఐఆర్, లేదా నిర్ధారణాధికారి ప్రత్యక్షానుభవము తప్ప అన్య సాక్ష్యము చెల్లదు.

"ప్రత్యక్షానుభవం అంటే ఏంటండి?"

"అది రాయుట కొరకు రాసినది. ఎవరును వినియోగించలేదు. మీరు ఎఫ్ఐఆర్ చూచుకొనుడు. ఒకటి ఉన్నచో ఉత్తీర్ణత. అయిదు దాటినచో ఉత్తమ శ్రేణి. దసరాకు నెల ముందు మరల వచ్చెదను. అప్పటికిని సున్న అయినచో ఈ పాకకు సీలు వేయబడును."

"అయ్యా, కొట్టుకోకూడదనే కదండీ మేం ముందు మాట తీసుకుంటాం."

"అయినచో మీరు నేర్పునది శాంతి. అది వేరే శాఖ," అని లేచి వెళ్లిపోయారు.

మా ఆవిడ మహలక్ష్మి లోపల్నించి అంతా విన్నది. "ఇన్నేళ్లూ ఊరందర్నీ కొట్టుకోకుండా చెడగొట్టారు. ఇప్పుడు అనుభవించండి," అంది. ఆవిడ ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

మర్నాడు పోలీసు స్టేషన్‌కి వెళ్లాను. మా ఎస్సై కృపావరం మంచివాడు. ఆ మంచితనమే నా కొంప ముంచింది. మా ఊళ్లో ఎవరు కొట్టుకున్నా ఆయన ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, చెరో గోలీసోడా తెప్పించి, అవి తాగడం అయ్యేలోగా రాజీ చేసి పంపేస్తాడు. గట్టు తగాదాకి ఒక సోడా, కోళ్ల తగాదాకి ఒక సోడా. అన్నదమ్ముల తగాదా అయితే రెండేసి.

"రండి గురువుగారూ. ఎవరితో వచ్చింది గొడవ?" అని కానిస్టేబుల్ని సోడాలకి పంపబోయాడు.

"గొడవ లేదు బాబూ. అదే గొడవ. మా వాళ్ల మీద ఒక్క కేసు రాసి పెట్టాలి."

ఆయన చేతిలో కలం కింద పెట్టేశాడు. "ఎంత మాటన్నారండీ! ఏడాదంతా ఒక్క కొట్లాట కేసు లేకపోతే 'ప్రశాంత ఠాణా' అని అవార్డు ఇస్తున్నారు మా డిపార్టుమెంటులో. ఇంకొక్క రెండు నెలలు ఇలాగే లాగేస్తే నాదే. ఇప్పుడు మీరొచ్చి కేసు రాయమంటే ఏమైపోతానండి నేను?"

"మరి నా పాక?"

"మీరు పోట్లాడుకోండి, నేను వద్దనను. కానీ కేసు మాత్రం రాయను. సోడా ఇస్తాను."

అలా ఉంది సంగతి. ఒక శాఖకి కేసు కావాలి, ఒక శాఖకి కేసు ఉండకూడదు. మధ్యలో నేను సోడా తాగి ఇంటికొచ్చాను.

ఈలోగా పక్క మండలం నుంచి కబుర్లు రావడం మొదలైంది. అక్కడ కరాటే చంటి అని ఒకడున్నాడు. వాడి బడి బ్రాందీ షాపు మేడ మీద. అక్కడి ఎస్సైకి అవార్డుల పిచ్చి లేదు, అడిగినవాడికి అడిగినన్ని కేసులు రాస్తాడు. చంటి ఏం చేశాడంటే, సాయంత్రం కింద తాగడానికొచ్చేవాళ్లందర్నీ తన శిష్యులుగా చేర్చుకున్నాడు. వాళ్లకి వాడు నేర్పిందేమీ లేదు. మెట్ల దగ్గర నిలబడి తెల్లచొక్కాలు పంచాడు. వారం తిరిగేసరికి ఎఫ్ఐఆర్లు అయిదు దాటేశాయి. ఉత్తమ శ్రేణి! వైకుంఠరావు గారే స్వయంగా దండ వేసి, "ఫలితమే ప్రమాణము" అని ఉపన్యాసం ఇచ్చారట.

అది చూసి కింద బ్రాందీ షాపు ఓనరుకి ఒళ్లు మండిపోయింది. సరుకు నాది, కష్టం నాది, దండ వాడికా అని తనే మండలికి దరఖాస్తు పెట్టుకున్నాడు. మండలి వాళ్లు లెక్క చూసి న్యాయమేనన్నారు. చంటి బడికి రానివాళ్లు కూడా ఈయన దగ్గర తాగి కొట్టుకుంటున్నారు కదా! ఆయనకి 'ఆదర్శ బోధకుడు' బిరుదిచ్చారు. ఆ మర్నాడు చంటీ ఆయనా మెట్ల మీద కొట్టుకున్నారు. ఆ కేసు ఎవరి ఖాతాలో వెయ్యాలో తేలక ఫైలు పైకి వెళ్లింది.

నాకు నిద్ర కరువైంది. మా వాళ్లలో పనికొచ్చేదెవరా అని ఆలోచిస్తే నాగవేణి తట్టింది. బస్సు కండక్టరు. మా తాలింఖానాలో ఆవిడంత బాగా కర్ర తిప్పేవాళ్లు మగవాళ్లలోనూ లేరు. రోజంతా బస్సులో తిట్లు తింటుంది. చిల్లర దగ్గర తిడతారు, సీటు దగ్గర తిడతారు, బస్సు ఆపలేదని తిడతారు, ఆపిందని తిడతారు. ఒక్కడిని ఒక్కటి పీకడానికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడుంది?

ఆ మధ్యాహ్నం ఆవిడ బస్సెక్కాను. కాలవ వంతెన దగ్గర ఒక తాగుబోతు ఎక్కి, టిక్కెట్టు తీసుకోకుండా ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. నా మనసు గంతులేసింది. ముందుకి జరిగి ఆవిడ చెవిలో, "అమ్మా నాగవేణీ, వీణ్ణి ఒక్కటి వెయ్యి," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి, "ఏంటి గురువుగారూ?" అంది.

"గట్టిగా అక్కర్లేదు. వీడు కేసు పెట్టేంత. పక్క మండలం పొలిమేర దాటాక కొట్టావంటే ఆ ఎస్సై రాసేస్తాడు. పాక నిలబడుతుంది తల్లీ."

తాగుబోతు చెయ్యి ఎక్కడ పట్టుకుందో, ఎలా తిప్పిందో గానీ, వాడు తనకి తెలీకుండానే సీట్లో కూర్చున్నాడు, టిక్కెట్టు చేతిలో ఉంది, వాడు ఆవిడకి థాంక్సు కూడా చెప్పాడు. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"మీ దగ్గర చేరిన రోజు మట్టి నుదుట పెట్టించి మాట తీసుకున్నారు. గుర్తుందాండి? ఈ బస్సులో రోజూ ఎంతమంది ఎన్నంటున్నా, ఆ మాట మీదే నిలబడుతున్నానండి. అది కూడా వద్దంటే నాకు మీ దగ్గర నేర్చుకుందేం మిగలదు," అంది. ఆ మీదట, "టిక్కెట్టు తీసుకోండి," అంది.

తీసుకున్నాను. సిగ్గుతో ముఖం కిటికీ వైపు పెట్టుకుని దిగేదాకా కాలవ చూస్తూ కూర్చున్నాను. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. నా పాక పోతుంటే నాకే నీతులా అనిపించింది. కానీ ఆ నీతులు నేను చెప్పినవే కదా, ఎవర్ని తిట్టను?

అన్న రోజుకి వైకుంఠరావు గారు సీలు, లక్క, నోటీసు పట్టుకుని దిగారు. బందోబస్తుకి కృపావరం వచ్చాడు. పాక ముందు ఊరంతా ఉంది. మహలక్ష్మి కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడ ఏడుపు చూసినప్పుడే నాకు అర్థమైంది, నిజంగా అయిపోయిందని. గోడకున్న కర్రలొక్కొక్కటే దించడం మొదలుపెట్టాను.

నోటీసు లోపలి గోడకే అంటించాలట, నిబంధన. లోపలి గోడకి వెళ్లాలంటే బరి దాటాలి. అడుగు వెయ్యబోతుంటే నాగవేణి అడ్డం నిలబడింది. డ్యూటీ మానుకుని వచ్చింది ఆ వేళ.

"చెప్పులు విప్పండి సార్. మట్టి నుదుట పెట్టుకుని మాటివ్వాలండి. లేపోతే బరి తొక్కనివ్వం."

"ఇది స్థానిక ఆచారమా?"

"ఆయ్."

"స్థానిక ఆచారములను గౌరవించవలెనని మాకు సర్క్యులర్ కలదు," అని ఆయన చెప్పులు విప్పి, మట్టి పెట్టుకుని, "బరి దాటి చెయ్యెత్తను" అని స్పష్టంగా పలికారు. వెనకే కృపావరం కూడా బూట్లు విప్పి, భక్తిగా మాటిచ్చి వచ్చాడు. ఇద్దరూ బరి మధ్యకొచ్చారు.

అక్కడ వైకుంఠరావు గారు ఆగి కృపావరంతో, "ఈ సంస్థ మూతపడుటకు కారణము మీ ఠాణాయే. సంవత్సర కాలమున ఒక్క కొట్లాట కేసు లేకపోవుట అసహజము. మీ ప్రశాంతత కల్పితము," అన్నారు.

కృపావరం చెవులు ఎర్రబడ్డాయి. ఇంకే మాటన్నా పడేవాడే, ప్రశాంతతని అంటే మాత్రం పడడు. "నా ప్రశాంతత కల్పితమాండీ? బ్రాందీ షాపు వాడికి దండేసిన మీరా చెప్పేది?"

"అది ఫలితముల ఆధారముగా జరిగినది!"

"నీ ఫలితం తగలెయ్య!"

వైకుంఠరావు గారు ఫైలుతో కృపావరం టోపీ మీద కొట్టారు. టోపీ పడింది. తర్వాత ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పలేను. ఇద్దరూ దొర్లుకుంటూ బరి దాటారు, గుమ్మం దాటారు, మెట్ల కింద మురుగుకాలవ పక్కన తేలారు. "అసభ్య పదజాలము వాడకుము!" అని ఒకరు, "ప్రశాంతంగా ఉండరా నువ్వు!" అని ఒకరు, గుద్దుకుంటూనే అరుస్తున్నారు. ఊరంతా ఫోనులెత్తింది.

నాగవేణి గోడకున్న కర్ర అందుకుని పరిగెత్తింది. ఇద్దరి మధ్యలోకి కర్ర పోనిచ్చి, ఒక్క మెలిక తిప్పింది. ఆయన ఆ గట్టున, ఈయన ఈ గట్టున కూర్చుని ఉన్నారు. ఒక్కరికీ కర్ర తగల్లేదు.

"చూశారాండీ మా పిల్ల విద్య!" అని నేను ఆగలేక అరిచాను.

వైకుంఠరావు గారు కన్ను పట్టుకుని మూలుగుతూనే, "ఆమె ఎవరినీ కొట్టలేదు గనుక లెక్కలోనికి రాదు," అన్నారు.

కానిస్టేబులు అలవాటు ప్రకారం గోలీసోడాలు తెచ్చాడు. ఇద్దరూ పాక అరుగు మీద కూర్చున్నారు. వైకుంఠరావు గారు తన మీద దాడి జరిగింది, కేసు రాయమన్నారు. ముందు కొట్టింది మీరే, రాస్తే మీ పేరే మొదట రాయాలన్నాడు కృపావరం. అప్పుడు ఇద్దరికీ ఎదురుగా ఉన్న ఫోనులన్నీ కనిపించాయి. ఒకాయన ఉద్యోగం, ఒకాయన అవార్డు ఆ ఫోనుల్లో ఉన్నాయి. ఇద్దరూ సోడా తాగడం మానేశారు.

నా బుర్ర పని చేసింది అక్కడే. "మీరిద్దరూ ఇందాక మట్టి పెట్టుకుని మాటిచ్చారు కదండీ," అన్నాను. "మా కట్టుబాటు ప్రకారం మీరు నా శిష్యులు. శిష్యులు చేస్తే దాన్ని కొట్లాట అనరండి. సాధన అంటారు."

కృపావరం ముఖం వెలిగిపోయింది. "అవును కదా! సాధనకి కేసెందుకండీ? నేను శిష్యుణ్ణే!"

వైకుంఠరావు గారు ఫైలు దగ్గరికి లాక్కున్నారు. ఫైలులోంచి నిబంధన తీసి, వాయని కంటితో చదువుకున్నారు. ఎవరూ వినియోగించని ఆ రెండో మాట దగ్గర ఆయన వేలు ఆగింది. కలం అడిగి పుచ్చుకుని అక్కడికక్కడే రాశారు: "సదరు తాలింఖానాలో కొట్లాట నిజముగానే నేర్పబడుచున్నదని నిర్ధారణాధికారి తన ఎడమ కన్ను, కుడి మోచేయి మూలకముగా ప్రత్యక్షానుభవపూర్వకముగా ధ్రువీకరించడమైనది."

పాక నిలబడింది! ఊరంతా ఈలలేసింది. మహలక్ష్మి ఏడుపు ఆపకుండానే నవ్వింది. నేను ఆ కాగితం కళ్లకద్దుకుంటున్నాను.

"గురువుగారూ," అంది నాగవేణి. "మొదటి దెబ్బ బరిలో పడింది. మిగతావన్నీ బరి దాటాక పడ్డాయండి."

ఈ పిల్ల నోరు ఇప్పుడే తెరవాలా అనుకున్నాను. కాగితం చేతిలో ఉంది, తడి ఇంకా ఆరలేదు. ఆయనకి కోపమొస్తే చింపేస్తారు. చూడనట్టు ఊరుకుంటే ఏం పోయింది? తలెత్తి చూశాను. బస్సులో చూసినట్టే నా వైపు చూస్తోంది. రెండోసారి ఆవిడ ముందు కిటికీలోకి చూసే ఓపిక నాకు లేకపోయింది.

"అయ్యా, మీరిద్దరూ మాట తప్పారు," అన్నాను. "నెల్లాళ్లు తెల్లారగట్ట వచ్చి బరి ఊడ్చి నీళ్లు చల్లాలి. ఊడవనంటే మీరు నా శిష్యులు కారు. శిష్యులు కాకపోతే అది సాధన కాదు. తర్వాత మీ ఇష్టం. కావాలంటే కాగితం తీసేసుకోండి."

వైకుంఠరావు గారు నన్ను చూశారు, ఫోనుల్ని చూశారు, కృపావరాన్ని చూశారు.

"చీపురు ప్రభుత్వము వారు సమకూర్చెదరా, అభ్యర్థియే తెచ్చుకొనవలెనా?" అన్నారు.

రోజూ వస్తున్నారు. కృపావరం నీళ్లు చల్లుతాడు, ఆయన ఊడుస్తారు. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. ఇప్పుడు పని అయ్యాక అరుగు మీద చెరో సోడా తాగుతున్నారు. నాగవేణి మొదటి బస్సు డ్యూటీకి వెళ్తూ కాసేపు ఆగి ఎలా ఊడుస్తున్నారో చూసి వెళ్తుంది. దసరా రేపనగా ఆయన ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, గోడకున్న కర్రల వంక ఆశగా చూసి, మొదటిసారి మామూలు తెలుగులో అడిగారు.

"అమ్మా, నాకు కర్ర ఎప్పుడిస్తారు?"

నాగవేణి బరికేసి చూసింది. మూలల్లో చెత్త అలాగే ఉంది.

"ముందు చీపురు పట్టుకోడం రానివ్వండి సార్," అని బస్సుకి వెళ్లిపోయింది.